ఐదు వేల అడుగుల లోపు

మార్చి 9

91.

ఈ పుస్తకం ఊపిరితిత్తుల క్లినిక్‌వాళ్లు ఇచ్చారు. రోజూ పొద్దున్నే వెర్లిన్ వేలికి ఆక్సిజన్ మీటరు తగిలించి, వచ్చిన అంకె రాయాలి. ముందు పేజీలు డాక్టరుకి. నేను పుస్తకం తిరగేసి వెనకనుంచి మొదలుపెట్టాను. ఈ పేజీలు నాకు. వెర్లిన్ చదువుతాడన్న భయం లేదు. నలభై మూడేళ్ల కాపురంలో నా చేతిరాత ఆయన చదివింది కిరాణా చీటీ ఒక్కటే, అదీ సగం. వెన్న ఎప్పుడూ మర్చిపోతాడు.

ఇవాళ డాక్టరుని వెర్లిన్ ఒక్క మాటే అడిగాడు. "జులైలో కొండలకి వెళ్తాం. వెళ్లచ్చా?"

"వెళ్లండి. కానీ ఐదు వేల అడుగులు దాటి పడుకోవద్దు."

"గ్రాండ్ లేక్ ఎనిమిది వేల మూడు వందల అరవై తొమ్మిది" అన్నాను నేను. మేం దాదాపు ప్రతి వేసవీ వెళ్లే చెరువు ఊరు అది. నన్నెవరూ అడగలేదు.

కారెక్కాక వెర్లిన్ అన్నాడు: "ఆ డాక్టరుది ఫ్లోరిడా. వాళ్లూళ్లో ఎత్తంటే పోస్టాఫీసు మెట్లు."

ముప్పై ఎనిమిదేళ్లు ధాన్యం గోదాములో చేశాడు. ఆ దుమ్ములో సగం ఇంకా ఆయన లోపలే ఉందని ఎక్స్‌రేలో చూపించారు. దానికి ఫ్లోరిడా ఏం చేస్తుంది?

మార్చి 11

91.

లైబ్రరీ నుంచి కొండల పుస్తకాలు మూడు తెచ్చి, వంటింటి బల్ల మీద జాబితా రాశాను.

ఎస్టెస్ పార్క్, 7,522. కొట్టేశాను.

లెడ్‌విల్, 10,152. రెండుసార్లు కొట్టేశాను.

మోంటానాలో రెడ్ లాడ్జ్, 5,568. "ఐదొందల అరవై ఎనిమిదేగా ఎక్కువ! మంచం వద్దులే, నేలమీద పడుకుంటా" అన్నాడు వెర్లిన్, పేపరులోంచి తలెత్తకుండా. కొట్టేశాను.

దక్షిణ డకోటాలో స్పియర్‌ఫిష్, 3,648.

స్పియర్‌ఫిష్ మీద నాకు ప్రత్యేకమైన అభిప్రాయం లేదు. చిన్నప్పుడు మూడు వేసవులు అక్కడ లొరేనా పిన్ని ఇంట్లో గడిపాను. ఇంటి వెనకే ఏరు. కిటికీ తీస్తే ఏటి చప్పుడు మంచం మీదికి వచ్చేది. దానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 14

90.

మార్చి 20

90.

గ్రాండ్ లేక్‌లో ఆరో నంబరు కాబిన్ యజమానికి వెర్లిన్ ఫోన్ చేశాడట. జులై రెండో వారం ఎవరికీ ఇవ్వద్దని చెప్పాడట.

"ఎందుకు చేశావు?"

"ఊరికే. మర్యాదకి. పలకరించి చాలా రోజులైంది కదా."

పోయిన జులైలో ఆ కాబిన్ ముందు చెరువులోకి కట్టిన చెక్క వంతెన మీద, చేతిలో గాలంతో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలిపోయాడు. పెదాలు నీలం. నేనూ అల్లుడు కర్బీ చెరో రెక్కా పట్టుకుని కారులో వేశాం. కొండ దిగేదాకా మూడు గంటలు నేను ఆయన ముక్కు ముందు నా వేలు పెట్టుకునే కూర్చున్నాను, గాలి తగులుతోందా లేదా అని. కింద ఊరొచ్చాక కళ్లు తెరిచి, "నా గాలం ఎవరు తీశారు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటి భయం నాకింకా పోలేదు. ఈ వాక్యం ముందు పేజీల్లో రాయను.

మార్చి 27

91.

ఇరవై ఆరేళ్ల కిందట, వేసవికి ఎక్కడికెళ్లాలో తేలక, వాకిట్లో కారు నడుస్తుండగానే అందరం పోట్లాడుకున్నాం. అప్పుడు మా మామగారు తలమీది టోపీ తీసి, "రాసి ఇందులో పడేయండి" అన్నారు. విత్తనాల కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చిన పచ్చ టోపీ. ఆయన పోయారు, టోపీ ఉంది.

ఈస్టర్ భోజనం అయ్యాక, ఆ పొద్దున చర్చిలో పంచిన కాగితం వెనక తలొక ఊరి పేరూ రాసి నాలుగు మడతలు పెడతాం. వెర్లిన్ టోపీ పట్టుకుని కారు షెడ్డులోకి వెళ్లి చీటీలు కలుపుతాడు. నాలుగు నిమిషాలు కలుపుతాడు. సిమెంటు కూడా అంతసేపు కలపరు. మా అత్తగారు ఆల్వీనా ఒకటి తీస్తుంది. ఆవిడకి తొంభై రెండు, చూపు లేదు, అందుకని మోసం చెయ్యదని ఆవిడకే అప్పగించాం. మిగిలినవి ఎవరూ చదవకుండా దొడ్లోని బొగ్గుల పొయ్యిలో వేస్తాం. పడ్డ ఊరి గురించి సెప్టెంబరు దాకా ఎవరూ గొణక్కూడదు. గొణిగినవాళ్లు వెళ్లినచోట గిన్నెలు కడగాలి.

ఇరవై ఆరుసార్లలో ఇరవై ఒక్కసారి గ్రాండ్ లేక్ పడింది. దేవుడికి ఆ చెరువంటే అంత ఇష్టమని అనుకునేవాళ్లం. స్పియర్‌ఫిష్ ఒక్కసారీ పడలేదు. అది ఎవరు రాసేవారో చెప్పడం నియమానికి విరుద్ధం.

ఈ ఏడు గ్రాండ్ లేక్ పడితే ఆయన వెళ్తాడు. నేను వద్దంటే, "చీటీ పడ్డాక గొణక్కూడదు" అంటాడు. పడకూడదు.

ఏప్రిల్ 3

89.

పాత బిల్లుల వెనక జొలీన్ చేతిరాత సాధన చేశాను. కన్నకూతురి రాత తేలికే. కర్బీ రాత కష్టం. కోడి గీరినట్టుంటుంది, నా చెయ్యి గుండ్రంగా పోతోంది.

ఇది మోసం కాదు. వైద్యం.

ఏప్రిల్ 5, ఈస్టర్

90.

చర్చిలో కాగితాలు అదనంగా నాలుగు తీసుకున్నాను. ఈసారి లిల్లీ పువ్వు బొమ్మ. పాస్టరుగారి భార్య చూసింది. "చుట్టాలు" అన్నాను. ఇంటికొచ్చి నాలుగింటి మీదా రాసి, మడిచి, ఏప్రాన్ జేబులో వేసుకున్నాను.

ఓమహా నుంచి జొలీన్, కర్బీ వచ్చారు. అత్తగారిని వృద్ధాశ్రమం నుంచి తీసుకొచ్చాం. హామ్, బంగాళాదుంపలు, ఆకుపచ్చ జెల్లీలో క్యారెట్ తురుము. జెల్లీ ఎవరూ తినరు, కానీ లేకపోతే అడుగుతారు.

చీటీలు రాశాం. ఎప్పుడూ రాసేదే నేనూ రాశాను. వెర్లిన్ టోపీ తీసుకుని షెడ్డులోకి వెళ్లాడు. నాలుగు నిమిషాలైంది, రాలేదు. ఏడైంది. పదైంది. నేను లేవబోతుంటే జొలీన్ నా చెయ్యి పట్టుకుంది. పదకొండో నిమిషంలో వచ్చాడు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, ఆయాసపడుతూ.

"ఏంటి నాన్నా, అంతసేపు?"

"బాగా కలిపా."

టోపీ గూట్లో పెట్టి కూర్చున్నాడు. నేను స్వీటు తెస్తానని లేచి, గిన్నెలు సర్దుతున్నట్టు టోపీ కూడా వంటింట్లోకి తీసుకెళ్లాను. టోపీలోని నాలుగూ నా ఏప్రాన్ జేబులోకి, జేబులోని నాలుగూ టోపీలోకి. అంతా అరనిమిషం. అరవై ఆరేళ్లొచ్చాయి, ఇన్నాళ్లూ ఇంత చేతివాటం నాలో ఉందని తెలియదు.

అత్తగారు టోపీలో చెయ్యి పెట్టి వేళ్లతో తడిమింది. "అన్నీ ఒకే చేత్తో మడిచినట్టున్నాయే!"

"హామ్ ఎలా ఉందమ్మా?" అన్నాను.

"ఉప్పెక్కువ. మాట మార్చకు." అని ఒకటి తీసి కర్బీకిచ్చింది.

"స్పియర్‌ఫిష్!" అని చదివాడు కర్బీ. "ఎవరబ్బా ఇది రాసింది?"

"అడక్కూడదు" అన్నాం నేనూ వెర్లిన్ ఒకేసారి.

అందరూ వెర్లిన్ వైపే చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా నా పళ్లెం చూస్తూ కూర్చున్నాను. ఆయన కాసేపు బల్లమీది గుడ్డ సరిచేశాడు.

"స్పియర్‌ఫిష్. బానే ఉంటుందట. ఎత్తెంత?"

"మూడు వేల ఆరు వందల నలభై ఎనిమిది" అన్నాను. అంత చటుక్కున చెప్పకుండా ఉండాల్సింది.

"అయితే సరే" అని ఇంకొంచెం బంగాళాదుంప వడ్డించుకున్నాడు.

టోపీలోంచి తీసిన చీటీలు నాలుగూ ఈ పుస్తకం అట్టకున్న సంచిలో పెట్టాను. వాన పడుతోంది, పొయ్యి వెలిగించలేదు. చదవలేదు. నియమం నియమమే.

ఏప్రిల్ 6

89.

వెర్లిన్ కాస్త బాధపడితే ఏం పోయేది? ఇరవై ఒక్కసార్లు వెళ్లిన చోటు. అక్కడి ప్రతి చేపా ఆయనకి పేరుపేరునా తెలుసు. ఉదయం నుంచి ఈల వేస్తున్నాడు, ఊపిరి లేనివాడు ఎలా వేస్తాడో అలా. ఆయన కుమిలిపోతాడని నేను రాత్రంతా ఓదార్పు మాటలు తయారుచేసి పెట్టుకున్నాను. అన్నీ వృథా.

ఏప్రిల్ 19

90.

ఏటి పక్కన కాబిన్ దొరికింది. జులై 11 నుంచి వారం. మెట్లు రెండే. కిటికీ ఏటివైపు ఉంటుందా అని అడిగాను. వెర్లిన్‌కి గాలి కోసం.

చీటీలు ఇంకా కాల్చలేదు. బొగ్గులు తడిశాయి. చదవలేదు.

మే 12

84. ఆసుపత్రి.

మే 16

88. ఇల్లు.

ఇక నుంచి పగలంతా గొట్టం ఉండాలట. జొలీన్ ఫోన్ చేసింది. "అమ్మా, ఈ ఏడు మానేద్దాం. నాన్న ఈ పరిస్థితిలో ఎనిమిది గంటలు కారులోనా?"

రెండో ఫోను వెర్లిన్ ఎత్తి వింటున్నాడని మాకు తెలియదు. "చీటీ పడింది" అన్నాడు మధ్యలో.

"నాన్నా, చీటీ కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా ఎవరైనా?"

"గొణుగుతున్నావు. గిన్నెలు నువ్వే కడగాలి."

జొలీన్ ఏడుస్తూ నవ్వింది. నేను ఫోన్ పెట్టేసి దొడ్లోకి వెళ్లి, పొయ్యిలో బొగ్గులున్నాయో లేదో చూశాను. ఉన్నాయి, పొడిగానే. మళ్లీ మూత పెట్టాను.

ఒక్క మాట రాసుకోవాలి. 3,648 అన్న అంకె లేకపోయినా నేను ఆ ఊరే రాసేదాన్ని. ఆయన ఊపిరికోసం చేశానని ఇన్నాళ్లూ రాస్తున్నాను. ఊపిరికోసమే. నాకోసం కూడా. ఆయనకిదే ఆఖరి వేసవి అయితే, ఆయన చెరువుని ఆయనకి కాకుండా చేసి, నా ఏటి పక్కకి ఈడ్చుకెళ్తున్నాను.

జూన్ 2

89.

జూన్ 21

90.

ఆశ్రమానికి వెళ్లాను. అత్తగారు అంది: "వాడు ఆ కొత్తూరికి వెళ్తున్నందుకు సంతోషంగా ఉన్నాడు. మొన్నొచ్చి నాకు గంటసేపు చెప్పాడు. ఏరట, పిన్నమ్మ ఇల్లట."

"నేనెప్పుడూ ఆయనకి పిన్ని ఇంటి గురించి చెప్పలేదమ్మా."

"పెళ్లయిన కొత్తలో చెప్పుంటావు. మొగుళ్లు వింటారే. విన్నట్టు కనపడరు, అంతే."

జులై 11

90.

ఆక్సిజన్ మిషను, గాలం, చేపల సామాను పెట్టె, టోపీ. టోపీ ఎందుకంటే ఎండకట. నార్త్ ప్లాట్ దాటాక ఇసుకగుట్టల్లో ప్రతి నలభై మైళ్లకీ ఆపాం. వెనక కారులో జొలీన్ వాళ్లు. మేం ఆపినప్పుడల్లా ఆపి, దిగి, ఊరికే ఆపినట్టు ఆకాశం చూస్తూ నిలబడ్డారు.

కిటికీ ఏటివైపే ఉంది.

జులై 12

91.

మా ఇంట్లో ఎంతో ఇక్కడా అంతే. మీటరు రెండుసార్లు పెట్టాను. ఒడ్డునే కుర్చీ వేశాం. గొట్టం అక్కడిదాకా అందింది.

వెర్లిన్: "చేపలు చిన్నవి."

నేను: "గొణుగుతున్నావా?"

"లేదే. కొలుస్తున్నా."

పిన్ని ఇల్లు చూసొచ్చాం. ఇప్పుడు పళ్ల డాక్టరు ఆఫీసు. వెనక ఏరు అలాగే ఉంది. పళ్ల డాక్టరు కారు పక్కన నిలబడి కాసేపు ఏడ్చాను. వెర్లిన్ కారులోంచి దిగలేదు, చూడనట్టే ఉన్నాడు.

జులై 14

91.

కర్బీ, జొలీన్ ఊళ్లోకి వెళ్లారు. వెర్లిన్ ఒడ్డునుంచి కేకేశాడు, చిన్న కొక్కెం కావాలని. పెట్టె తెరిచాను. పై అరలో లేదు. అర ఎత్తితే అడుగున, సీసపు గుళ్ల మధ్య, రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట ఉంది.

చర్చి కాగితాలు. గొర్రెపిల్ల బొమ్మ, సిలువ బొమ్మ, మళ్లీ గొర్రెపిల్ల. లెక్కపెట్టాను. ఇరవై ఏడు. విప్పాను. అన్నింటిలోనూ స్పియర్‌ఫిష్. అన్నీ నా చేతిరాత. ఏటేటా నేను రాసి, మడిచి, టోపీలో వేసినవి. పడనివి కాల్చేశామనుకున్నవి.

మొదటి ఆలోచన: నా మొగుడు దొంగ.

నాలుగు నిమిషాలు షెడ్డులో ఏం కలిపేవాడో అర్థమైంది. మా చీటీలన్నీ తీసేసి తనవి వేసేవాడు, అన్నీ గ్రాండ్ లేకే. మధ్యమధ్య ఐదుసార్లు వేరేవి పడనిచ్చాడు, అనుమానం రాకుండా. ఇరవై ఆరేళ్లు దేవుడికి నా ఏరంటే గిట్టదనుకున్నాను. దేవుడికి క్షమాపణ చెప్పుకోవాలి.

రెండో ఆలోచనకి కొంచెం టైము పట్టింది. కట్టలో పైనున్న చీటీ మీద లిల్లీ పువ్వు. ఈ ఏటిది. ఈ ఈస్టర్‌కి నేను రాసింది. అది నేను టోపీలోంచి తీసి, ఈ పుస్తకం సంచిలో దాచిన నాలుగింటిలో ఉండాలి కదా!

లోపలికొచ్చి సంచిలోని నాలుగూ విప్పాను. వంద రోజులు చదవకుండా ఉంచాను, దానికి నాకేదైనా బహుమతి ఇవ్వాలి. మొదటిది స్పియర్‌ఫిష్, వాలుగా. రెండోది స్పియర్‌ఫిష్, పెద్ద అక్షరాలతో. మూడోది, నాలుగోది అంతే. నాలుగూ వెర్లిన్ రాతే, దాచాలని ప్రయత్నించి దాచలేకపోయినవి.

ఒక మోసం తీసేసి ఇంకో మోసం పెట్టానన్నమాట. ఊరు మాత్రం అదే.

కట్ట పట్టుకుని ఒడ్డుకెళ్లాను. ఆయన కట్ట చూశాడు, ఏటివైపు తిరిగాడు.

"కొక్కెం దొరికిందా?" అన్నాడు.

"ఇరవై ఆరేళ్లు, వెర్లిన్!"

"ఊ."

"సిగ్గులేదూ?"

"కొంచెం ఉంది. అందుకే నీవి కాల్చలేదు." కాసేపు గాలి పీల్చుకున్నాడు. "వచ్చే ఏడు పడనిద్దాం, వచ్చే ఏడు పడనిద్దాం అనుకునేవాణ్ని. జులై వస్తుంటే చెరువు గుర్తొచ్చేది."

"మరి ఈ ఏడు?"

"కర్బీ పిజ్జా దొరికే చోటు అని రాశాడు. జొలీన్ గ్రాండ్ లేక్ అని రాసింది, నాకోసం. నేనూ అదే రాశా, అలవాటుకొద్దీ. నీది నీదే. ఆ రెండు గ్రాండ్ లేకులూ టోపీలో ఉంచితే సరిపోయేది. నాలుగు నిమిషాల పని."

"పదకొండు నిమిషాలు పట్టింది. షెడ్డులో పడిపోయావేమోనని నా ప్రాణం పోయింది."

"పడిపోలేదు. మనసు ఒప్పుకోవడానికి పట్టింది."

నాకు కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియక ఆయన భుజం మీద కట్టతో ఒకటి కొట్టాను. గొట్టం ఊడింది. మళ్లీ పెట్టాను.

"నేనూ మార్చాను" అన్నాను. "నువ్వు గూట్లో పెట్టాక."

"తెలుసు. కర్బీ చదివిన చీటీ నేను రాసింది కాదు. మరీ అందంగా ఉంది. కర్బీ రాతని అంత అందంగా రాసేది నువ్వొక్కదానివే." నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా వీపు నిమిరాను. "చర్చిలో నువ్వు నాలుగు కాగితాలు తీశావా? నేనూ నాలుగు తీశా. మనింటికి ఎంతమంది చుట్టాలొచ్చారనుకున్నారో."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారని ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం భోజనాలయ్యాక అందరి ముందే అన్నాను: "ఈ ఊరు ఇరవై ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఇది గొణుగుడే. సెప్టెంబరు దాకా ఆగలేను." జొలీన్‌కీ కర్బీకీ ఏమీ అర్థం కాలేదు. గిన్నెలు నేనే కడిగాను. వెర్లిన్ కూర్చుని తుడిచాడు. ఎంత నెమ్మదిగా తుడిచాడంటే, ఆఖరి పళ్లెం వచ్చేసరికి మిగతావి గాలికే ఆరిపోయాయి.

జులై 17

91.

ఆయన మీటరు నా వేలికి పెట్టాడు. 98.

"ఈ ఊరు నీకు పడింది" అన్నాడు.

జులై 18

90.

సామాను సర్దాం. కాబిన్‌కి వచ్చినవాళ్లు రాసే పుస్తకంలో వెర్లిన్ రాశాడు: "చేపలు చిన్నవి. కిటికీ బాగుంది." గ్రాండ్ లేక్ పుస్తకంలో అయితే పేజీలు రాసేవాడు.

తర్వాత నా దగ్గరికొచ్చి, ఈ పుస్తకంలోంచి ఒక కాగితం చింపమన్నాడు. నేనిచ్చాను. అటు తిరిగి ఏదో రాసి, నాలుగు మడతలు పెట్టి, అట్ట సంచిలో తనే దోపాడు.

"వచ్చే ఏటిది. ఈస్టర్ దాకా తియ్యకు."

"ఇప్పుడే ఎందుకు?"

"ఊరికే. మర్యాదకి."

కారు స్టార్ట్ చేసే ముందు ఇదంతా రాస్తున్నాను. ఆయన పక్క సీట్లో టోపీ ముఖం మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. చీటీ నా వేళ్లకి తగులుతోంది. అందులో గ్రాండ్ లేక్ ఉందో, స్పియర్‌ఫిష్ ఉందో, ఇంకేదైనా ఉందో నాకు తెలియదు. చదవలేదు. చదవను. ఈస్టర్ నాడు భోజనం అయ్యాక ఆయనే విప్పి, అందరి ముందూ చదవాలి. ఈసారి షెడ్డూ లేదు, కలపడమూ లేదు. అప్పటిదాకా ఎటూ పోవడానికి వీల్లేదని గట్టిగానే చెప్పాను.

టోపీ కిందనుంచి "సరే" అన్నాడు.